తడి దూది

నా చిన్నప్పుడు మా ఇంట్లో పంచాంగం దేవుడి గూట్లో ఉండేది. పెళ్ళికీ, ప్రయాణానికీ దాన్ని కిందికి తీసేవారు. మా నాయనమ్మ చావుకి కూడా తీసి చూశారు, ఆవిడ బతికుండగానే. అరవై ఏళ్ళు దాటిపోయినా ఆ రోజు తలపుకి వస్తే నాకు రోత పుడుతుంది. ఆ రోతలో నా వాటా కూడా ఉంది కాబట్టి మరీను.

మాది పొందూరు. మా ముందు గదిలో రెండు గుంట మగ్గాలుండేవి. నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్ళు దింపుకుని కూర్చుని నేసే మగ్గం అది. దాన్ని ఇంకో ఇంటికి మార్చడం కుదరదు. అందుకే మా వాళ్ళకి ఒక భయం ఎక్కువగా ఉండేది. ధనిష్ఠ నక్షత్రంలో ఇంట్లో ఎవరైనా పోతే ఆరు నెలలు ఆ ఇల్లు మూసెయ్యాలి. దాని వెనక వచ్చే నాలుగు నక్షత్రాలూ కూడా మంచివి కావు. రైతులైతే తాళం వేసుకుని ఏ చుట్టాలింట్లోనో తలదాచుకుంటారు. నేతవాళ్ళు గొయ్యిని ఎక్కడికి పట్టుకుపోతారు?

నాయనమ్మ పెరట్లో జారిపడి నడుం విరిగి ఎనిమిది నెలలయింది. ఆవిడ మంచం పెరటి పాకలోకి మార్చారు. ఎవరు పలకరించినా, "నన్ను పంపీయండిరా, ఎన్నాళ్ళిలాగ" అనేది. మా అమ్మ రెండు పూటలా గంజి తాగించేది. ఒళ్ళు తుడవడం రోజూ కుదిరేది కాదు. మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడు నేను ముక్కు మూసుకునేదాన్ని.

ఇంటికి పెద్ద మా పెదనాన్న. ఆయన శనివారం శనివారం రామకోవెల్లో పురాణం చదివి అర్థం చెప్పేవారు. ఆయన గొంతు వింటే ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. నేను ముందు వరసలో కూర్చునేదాన్ని. శాస్త్రం అంటూ నాకు కాస్త వచ్చిందంటే ఆయన నోటి నుంచే వచ్చింది. ఈ మాట చెప్పడం నాకు సులభం కాదు.

ఆ వారం నాయనమ్మ ఊపిరి బరువెక్కింది. పంతులుగారు వచ్చి, ఎల్లుండి మధ్యాహ్నం నుంచి ధనిష్ఠ అని చెప్పారు. పాక ఇంటికి వేరే కదా అని అమ్మ అడిగితే, ఒక ప్రహరీ లోపల ఉన్నదంతా ఒక ఇల్లే అన్నారు. అంతే చెప్పి ఆయన వెళ్ళిపోయారు. తక్కినదంతా, ధనిష్ఠ రాకముందే ఆవిడ పోవాలన్నది, మా వాళ్ళే కల్పించుకున్నారు.

పెదనాన్న అరుగు మీద కూర్చుని, పురాణం చదివే గొంతుతోనే అన్నారు. "అమ్మే అడుగుతన్నాది కదా, పంపీయమని. మనం సంపుతన్నామేటి? గంజి ఆపీద్దాం. ఏకాదశి ఉపాసం అనుకోండి." మా నాన్న కాలి బొటనవేలు చూసుకుంటూ కూర్చున్నాడు. అమ్మ లేచి వెళ్ళి గంజి కుండ కడిగి బోర్లించింది. ఆ బోర్లించిన చప్పుడు నాకు ఇంకా గుర్తు. ఎవరూ కాదనలేదు. కాదనాలని ఎవరికీ తోచలేదో, తోచినా మగ్గాలు గుర్తొచ్చాయో తెలియదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెదనాన్న నా చేతికి నీళ్ళ గిన్నె, ఇంత దూది ఇచ్చి, "పెదాలు తడుపుతూండమ్మీ. మింగనీకు. నీకు పుణ్యం వస్తాది" అన్నారు. ఇంటిలో పిల్లలందరినీ కాదని నన్ను ఎంచుకున్నారని నాకు గర్వంగా కూడా ఉండింది.

మర్నాడు పొద్దున్న పాకలో కూర్చున్నాను. ముందు గదిలో మగ్గాలు ఆగకుండా ఆడుతున్నాయి. ప్రహరీకి ఆనించి రెండు పచ్చి వెదుళ్ళు పెట్టి ఉన్నాయి. పాడె కోసం తెల్లవారుతూనే తెప్పించేశారు. నాయనమ్మ కళ్ళు తెరిచి, ఆ వెదుళ్ళని చూసి, మళ్ళీ మూసుకుంది. కాసేపటికి "నీళ్ళు" అంది. నేను దూది తడిపి పెదాలకి రాశాను. "నీళ్ళే పిల్లా" అంది. మళ్ళీ రాశాను. ఈసారి ఆవిడ దూదిని నోట్లోకి లాక్కుంది. పళ్ళు లేని చిగుళ్ళతో గట్టిగా పట్టుకుని, ఉన్న తడినంతా పీల్చింది. మింగనివ్వకూడదు కదా. నేను రెండు వేళ్ళతో దూదిని పట్టుకుని లాగాను. ఆవిడ వదల్లేదు. ఇంకా గట్టిగా లాగాను. వచ్చేసింది.

ఆ రోజు నేను చేసింది అది.

మా మేనత్త రెండు వీధులవతల ఒంటిగది ఇంట్లో ఒక్కర్తే ఉండేది. మామయ్య పోయాక రాట్నమే ఆవిడకి తోడు. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, నలుసు లేకుండా చేసి, సన్నటి నూలు వడికేది. అది మా మగ్గాలకే వచ్చేది. ఆ పొద్దున్న వడికిన నూలు ఇవ్వడానికి వచ్చి, తల్లిని చూద్దామని పాకలోకి వచ్చింది. వెదుళ్ళని చూసింది. నా చేతిలో దూదిని చూసింది. అది ఆవిడ దువ్వి ఇచ్చిన దూదే. ఏం చేస్తున్నావని అడిగితే, పుణ్యం సంగతితో సహా అంతా చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. నాయనమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, పోతానంతన్నావట. నిజవేనా?"

"పోతానే. ధనిష్ఠ దాకా నేనుంటే ఈళ్ళు ఇల్లు మూసుకోవాల కదే."

"ఇల్లు సంగతి ఒగ్గీ. నీకేటి కావాల?"

"నీళ్ళు."

అత్త వంటింట్లోంచి చెంచా తెచ్చి నా చేతికే ఇచ్చింది. "నువ్వే పట్టు" అంది. తల ఎత్తి పట్టుకుంది. నేను ఒక్కొక్క చెంచా పోశాను. నాయనమ్మ ఏడు చెంచాలు తాగి, "సల్లగున్నాదమ్మీ" అంది. తరవాత అత్త ఆవిడని పక్కకి తిప్పింది. వీపు మీద పుళ్ళు చూశాను. అన్ని నెలలుగా ముక్కు మూసుకున్నది దేనికో అప్పుడు తెలిసింది. అత్త పుళ్ళు కడిగి, చీర మార్చి, అరుగు మీదికి వెళ్ళింది.

"అన్నియ్యా, అమ్మకి దాహం వేస్తన్నాది."

"ఆవిడే పోతానంతన్నాదే" అన్నారు పెదనాన్న.

"పోతానన్నది ఇనబడ్డాది. నీళ్ళన్నది ఇనబడలేదేటి?"

"ఒసే, నీకు శాస్త్రం తెల్దు."

"తెల్దు. శనివారం నువ్వు సదివితే ఇన్నదే నాకొచ్చింది. తల్లికి నీళ్ళు మానిపించమని దాన్లో ఎక్కడున్నాదో సూపించు. ఆ పేజీ కళ్ళకద్దుకుంటాను."

పెదనాన్న, మగ్గాలు ఆరు నెలలు ఆగిపోతే ఇన్ని కడుపులు ఎలా నిండుతాయని అడిగారు.

"మరదే సెప్పు" అంది అత్త. "మగ్గం మాట మగ్గం మాటగానే సెప్పు. దేవుడి మీద పెట్టకు. నా ఇంట్లో గొయ్యి లేదు. రాట్నం సంకనేసుకుని ఏ అరుగు మీదైనా కూకుంటాను. అమ్మని నేను తీసుకుపోతాను."

మంచం ఎత్తడానికి ముగ్గురు వచ్చారు. నాలుగో కోడు మా నాన్న పట్టుకున్నాడు. ఆ రెండు రోజుల్లో ఆయన చేసిన పని అదొక్కటే, కానీ చేశాడు. వీధిలో మంచం వెళ్తుంటే శవమనుకుని మనుషులు దణ్ణాలు పెట్టారు. పక్కింటి అక్క ఏడుపు మొదలెట్టింది. నాయనమ్మ కళ్ళు తెరిచి, "ఏటే, నాకోసవేనా? ఏడుపు తరవాత. కూరేటి వండావు?" అంది. మంచం మోస్తున్నవాళ్ళు నవ్వాపుకోలేక దాన్ని దింపి మళ్ళీ ఎత్తారు.

అత్త ఇంట్లో నాయనమ్మ ఆ రోజూ, మర్నాడూ గంజి తాగింది. తల దువ్వించుకుంది. రాట్నం తిరుగుతుంటే వింటూ పడుకుంది. నొప్పి లేదని చెప్పను. వైద్యుడు వచ్చి మందిచ్చినా, మర్నాడు సాయంత్రం మూలిగి, "తీసుకుపోవయ్యా స్వామీ" అంది. అత్త వీపు నిమురుతూ, "ఆయన్నడుగు. ఎన్నిసార్లయినా అడుగు. మమ్మల్ని మాత్రం అడక్కమ్మా" అంది. పంపీయండిరా అన్న మాట ఆ ఇంట్లో నాయనమ్మ ఒక్కసారీ అనలేదు. మూడో రోజు పొద్దున్న, అత్త తల దువ్వుతుండగా పోయింది. ధనిష్ఠలోనే.

అత్త పదమూడో రోజు దాటాక తలుపుకి తాళం వేసింది. ఆరు నెలలు రామకోవెల అరుగు మీద రాట్నం పెట్టుకుని వడికింది. అక్కడికే గంజి తెచ్చుకుని తాగేది. మా మగ్గాలు ఒక్క రోజు కూడా ఆగలేదు. మైల తీరాక పెదనాన్న మళ్ళీ పురాణం చదివారు, తల్లి రుణం గురించి. ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. బయట అరుగు మీద రాట్నం చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను ముందు వరస నుంచి లేచి వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాను. పురాణం అక్కడికీ వినిపిస్తుంది. అప్పటి నుంచీ నా చోటు అదే. దేవుణ్ణి నేను ఎప్పుడూ విడవలేదు. ఆయన పేరు పెట్టి తమ అవసరం గడుపుకునేవాళ్ళనే విడిచాను.

ఈ మధ్య మా భజన అయ్యాక ఒకాయన, చదువుకున్నవాడు, మంచానపడ్డ ముసలివాళ్ళు కోరితే సూదితో పంపించేసే చట్టం రావాలన్నాడు. గౌరవంగా పోయే హక్కు అన్నాడు. ప్రసాదం చేతిలో ఉంది, తినబుద్ధి కాలేదు. యంత్రం ఊపిరి తీయిస్తున్న దేహం నుంచి గొట్టాలు తీసేసి దేవుడికి వదిలెయ్యడం వేరు. దానితో నాకు పేచీ లేదు. నొప్పికి మందు ఎంతైనా ఇవ్వండి. కానీ బతికున్న మనిషిని మనుషులు పంపించడానికి హక్కని పేరు పెడితే, నాకు ఆ ఏకాదశి ఉపవాసమే గుర్తొస్తుంది. "కోరుకుంటేనే కదండీ" అన్నాడాయన. కోరుకుంది బాబూ, మా నాయనమ్మా కోరుకుంది అన్నాను. ఎనిమిది నెలలు రోజూ కోరుకుంది. ప్రహరీకి వెదుళ్ళు ఆనించి ఉన్న ఇంట్లో ఎవరైనా అదే కోరుకుంటారు. కోరుకున్నట్టు రాసిన ఆ కాగితం మీద వేలిముద్ర వేయించేటప్పుడు పక్కన నిలబడేది ఎవరు? మగ్గాలున్నవాళ్ళే కదా.

ఆయన ప్రసాదం పొట్లం మడుచుకుని వెళ్ళిపోయాడు.

నాకిప్పుడు నాయనమ్మ వయసు వచ్చింది. మోకాళ్ళు లేవనివ్వడం లేదు. మా కోడలికి చెప్పి ఉంచాను: ఎప్పుడైనా నేను పంపించెయ్యమంటే, నమ్మకు, ముందు నీళ్ళు పట్టి చూడు అని. అయినా ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా కర్ర పట్టుకుని చూడ్డానికి వెళ్తాను. పళ్ళు తీసుకెళ్ళను. కూర్చుంటూనే, దాహం వేస్తోందా అని అడుగుతాను. చెంచా అందుకునేటప్పుడు ప్రతిసారీ నా రెండు వేళ్ళ మధ్య ఆ దూది ఉంటుంది. అవతల నుంచి చిగుళ్ళు పట్టుకుని ఉంటాయి, వదలకుండా.