విస్తరాకుల మీద పేర్లు

తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసింది. నేనే వదిలేశానని ఇంట్లో అంటారు. ఏమైనా, వెనక్కి రమ్మని ఎవరూ ఎవర్నీ బతిమాలలేదు. నిజాంపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, చదువుకునేవాళ్ల హాల్‌టికెట్లు ప్రింట్ తీసిస్తూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆ విద్యతోనే తిరిగి తిరిగి నానక్‌రామ్‌గూడలో ఒక చిన్న కంపెనీలో తేలాను. చుట్టూ ఉన్న ఆఫీసు టవర్ల క్యాంటీన్లలో ఏ కౌంటర్ దగ్గర ఎంత క్యూ ఉందో తెరమీద చూపించడం మా పని.

ఆ లెక్కలు దాచే డేటా స్టోర్ మేం రాసింది కాదు. ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. దానికో లోపం ఉండేది. ప్రతి లెక్కకూ టవర్, అంతస్తు, కౌంటర్ అన్నీ చుక్కలతో కలిపి గూడ్సు బండంత పేరు పెట్టాలి. ‘అన్ని టవర్లలో దోసె కౌంటర్ల సంగతేంటి’ అని అడిగితే గుడ్లు తేలేసేది. పేరు పొట్టిగా ఉంచి, మిగతావి విడివిడి ట్యాగులుగా తగిలించే ఏర్పాటు నేను రాశాను. మా అమ్మ దగ్గర అబ్బిన బుద్ధే అది. పేర్లు చెక్కేవాడు వీధిలోకి వచ్చాడంటే మా గిన్నెలు, గరిటెలు, మూతలు అన్నీ గుమ్మం దాటేవి. ఏది ఎవరి పెళ్లిలో వచ్చిందో స్టీలు మీదే ఉండేది.

ఆ స్టోర్ ప్రాజెక్టును కాసే పెద్దమనిషి ఏ దేశంలో ఉంటాడో తెలియదు, రాతల్లోనే పరిచయం. నిజమైన రద్దీలో నిలబడితేనే నా కోడ్ చేర్చుకుంటానన్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చిన మా మేనేజర్ గారు ఇంకో మాట కలిపారు.

“నిలబడకపోతే వేరేది కొనేసుకుందామండి. మీరు ఇంకే పనైనా చూసుకుందురుగాని.”

ఆవిడ వేటు వేసినా అండి అనే వేస్తారు. ఆ ‘ఇంకే పని’ మా కంపెనీలో లేదని ఇద్దరికీ తెలుసు.

పరీక్ష మధ్యాహ్న భోజనాల వేళకు పెట్టాం. మొదట అంతా బాగానే ఉంది. జనం లిఫ్టుల్లోంచి దిగడం మొదలుపెట్టారో లేదో, మెమరీ వాడకం చూపే గీత నిటారుగా లేచింది.

“ఏంది గిది, గిట్ల ఎక్కుతుంది?” అన్నాడు పక్క కుర్చీలోని అన్న. గోపన్‌పల్లిలోనే పుట్టి పెరిగిన మనిషి. క్యాంటీన్ మెషీన్ల వైపు కోడ్ అతనిదే.

“పొద్దుగాల నుంచి నువ్వేమన్న కొత్తగ పెట్టినవా అన్నా?”

“ఏం పెట్టలే. ఎంత సేపట్ల వడ్డించిన్రో చెప్పే లెక్కకు టోకెన్ నంబరు ట్యాగేసిన. ఏదైన తగిలించుకో అని నువ్వే అంటివి గద. క్యాంటీన్ల మనిషిని పిలిచేదే టోకెన్‌తోని!”

కొత్త ట్యాగు కనపడ్డప్పుడల్లా మా స్టోర్ మెమరీలో కొత్త అర తెరుస్తుంది. బిర్యానీ తిన్న ప్రతివాడికీ ఒక అర, మళ్లీ ఎవరూ తెరవనిది.

“అన్నా, గిన్నెల మీద కాదు, విస్తరాకుల మీద పేర్లు చెక్కిస్తున్నవ్.”

“జర తెలుగుల చెప్పరాదు!”

“టోకెన్ తీసెయ్యన్నా!”

“తీస్తే మెషీన్లన్నీ ఆపి మళ్ల నడపాలె. గీ టైముల ఆపితే బిర్యానీ ఇడిశి నన్ను తింటరు.”

మేనేజర్ గారు వెనక నిలబడ్డారని నాకు అప్పటికి తెలియదు.

“ఆ గీత అలా పోతోందేంటండి?”

“షేర్ మార్కెట్ అయితే పండుగ చేసుకుందుము మేడం,” అన్నాను.

ఆవిడ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఒక దారి మిగిలింది. అరలకు హద్దు పెట్టమని ఆ పెద్దమనిషి ముందే పట్టుబట్టాడు. ‘వచ్చే చుట్టాలకూ లెక్క కట్టమంటారా’ అని ఎగతాళిగా రాస్తే, ‘అవును’ అని ఒక్క ముక్క జవాబిచ్చాడు. విసుక్కుంటూనే రాశాను. ఆ హద్దనే మూత వేస్తే ఉన్న అరలు నడుస్తాయి, కొత్తది ఒక్కటీ తెరుచుకోదు. చెత్త ఏదో, చుట్టం ఏదో దానికి తెలియదు.

వేశాను. గీత ఇంకాస్త ఎగబాకి, ఆగి, అడ్డంగా పడుకుంది. అన్న నా వీపు మీద ఒక్కటిచ్చాడు.

“చివరి టవర్లో రద్దీకని ఈపూట కొత్తగా తెరుస్తామన్న బిర్యానీ కౌంటర్ ఏదండి? కనపడట్లేదు,” అన్నారు మేనేజర్ గారు.

బల్ల కింద అన్న నా కాలు తొక్కాడు. ఇంకా తెరవలేదని చెప్పమని దాని అర్థం. చెబితే నమ్మేవారే. కానీ ఈ స్టోర్‌లో లెక్క రానిచోట సున్నా వేయకుండా, ఖాళీని ఖాళీగా చూపించాలని అందరితో వాదించినవాణ్ణి నేను.

“తెరిచిన్రు మేడం. మనమే లోపలికి రానియ్యలే. మూత పెట్టకుంటే మొత్తం కూలుతుండె.”

ఆవిడ తెరను చూశారు, నన్ను చూశారు.

“అయితే ఆ కౌంటర్ దగ్గరికి మీరు వెళ్లండి. క్యూ ఎంతుందో ఫోన్లో చెబుతూ ఉండండి.”

వెళ్లాను. బిర్యానీ ఘుమఘుమల మధ్య, ఫోన్ చెవిలో పెట్టుకుని, తలలు లెక్కపెడుతూ నిలబడ్డాను.

“అన్నా, తింటవా? లేకుంటె పక్కకు జరుగు, గిరాకీ ఆగుతుంది,” అని కసిరాడు వడ్డించేవాడు.

“నేను మెషీన్ తమ్మీ, తినను.”

ఫోన్లో అన్న పగలబడి నవ్వాడు. అవతల గీత లేవలేదు కాబట్టే నవ్వుతున్నాడని అర్థమైంది. భోజనాలు ముగిసేదాకా అది లేవనేలేదు.

ఆ సాయంత్రమే జరిగిందంతా, ఖాళీ కౌంటర్‌తో సహా, పెద్దమనిషికి రాసి పంపాను. పొద్దునకల్లా జవాబు వచ్చింది. ‘చేర్చుకున్నాను. మూత మొదటినుంచే వేసి ఉండాలి. అది వేసినప్పుడు ఎవరు బయట ఉండిపోయారో కూడా చెప్పాలి.’

మేనేజర్ గారికి చూపించాను. ఆవిడ రెండుసార్లు చదివారు.

“ఇంకేం, ఆ పని మొదలుపెట్టండి,” అన్నారు.