ఒకటో నంబరు బోరు

నా చిన్నప్పుడు మా పల్నాటి పల్లెలో బోరు అంటే ఒకటే, భూమిలోకి గొట్టం దించి నీళ్ళు తోడేది. మా చేలో బోరు పడిన రోజు మా నాయన ఊరంతా బెల్లం పంచాడు. ఆ వారంలోనే మా ఇంగ్లీషు మాస్టారు బోర్ అనే మాటను ఇంగ్లీషులో బోర్డు మీద రాసి అర్థం అడిగారు. నేను ఎగిరి లేచి, నీళ్ళ కోసం భూమిలో వేసేది అని చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. విసుగు పుట్టించే మనిషట! ఆ పూట నుంచి క్లాసులో నా పేరు బోరు పిల్ల.

తల కొట్టేసినట్టయింది నాకు. ఇక బడికి పోనని మొండికేశాను. మిరప కోతలకు మనుషులు దొరక్క అవస్థపడుతున్న మా అమ్మ, "పోకపోతే మానెయ్, రేపు నాతో కోతకు రా" అంది. ఊరికే అన్న మాట కాదది. మా వీధిలో అలా కోతకు పోయిన ఆడపిల్లలెవరూ మళ్ళీ బడికి రాలేదు.

పక్కింటి అక్క నరసరావుపేట కాలేజీలో ఇంగ్లీషు చదివేది. సంగతి విని నన్ను పిలిచి, "ఏందే, డిక్షనరీ రాసేవాళ్ళు అర్థాలు కలగని రాస్తారనుకున్నావా?" అంది. ముందు వాక్యాలు పోగుచేస్తారట, చీటీకొక వాక్యం. తన పుస్తకాల్లో ఆ మాట ఉన్న వాక్యాలు వెతికి చీటీల మీద రాసి, మంచం మీద పరిచింది. ఒక్కోదాన్నీ తెలుగులో చెప్పి, కుప్పలు నన్నే వేయమంది. అర్థాన్ని మాట ఉన్నచోట పెట్టి చదవాలి. వాక్యం నడిస్తే ఆ కుప్ప, నడవకపోతే ఇంకో కుప్ప. మిరపకాయల్లో తాలుకాయలు ఏరినట్టు ఏరాను. బెజ్జం వేయడం ఒక కుప్ప, విసిగించడం ఒక కుప్ప, బేర్ అనే మాటకు భూతకాలంగా వచ్చే భరించాడు అనేది మరో కుప్ప. స్పెల్లింగు ఒకటే, మాటలు మాత్రం వేరు. అందుకే డిక్షనరీలో నెత్తిన చిన్న నంబర్లు వేసి విడివిడిగా పెడతారట. తన డిక్షనరీ తెరిచి చూపించింది. ఒకటో నంబరు బెజ్జం వేయడమే! "చూడవే, మొదటి కుర్చీ మీ బోరుదే" అంది అక్క. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

మర్నాడు ఆ చీటీలు బడికి పట్టుకుపోయాను. మాస్టారు అన్నీ చదివి, వాక్యం చెప్పకుండా అర్థం అడగడం తనదే పొరపాటని అందరి ముందూ అన్నారు. నాచేతే ఆ కుప్పలు క్లాసుకు చెప్పించారు. ఎంత గర్వపడ్డానో! సాయంత్రం అక్క ఈ ముచ్చటంతా చెప్పాక, అమ్మ మళ్ళీ నా దగ్గర కోతల మాట ఎత్తలేదు.

తర్వాత నేనూ ఇంగ్లీషు టీచర్నయ్యాను. ఏ పిల్ల ఏ అర్థం చెప్పినా నవ్వలేదు, ఏ వాక్యంలో విన్నావమ్మా అని అడిగాను. ఇప్పుడు మా మనవరాలు ఫోను పక్కన పడేసి, "చానా బోర్ కొడుతోంది అమ్మమ్మా" అంటుంది. ఎన్నో నంబరే అని అడుగుతాను. "రెండోది" అంటుంది నవ్వుతూ. ఒకటోది మనదేనని దానికీ తెలుసు.