ఇంకా ఆరలేదు టీచర్

మూడో తరగతి పిల్లలు తమ టీచరును చాటుగా 'తాళాల టీచర్' అనేవాళ్ళు. బడిలో ఉన్న కథల పుస్తకాలన్నీ ఆమె క్లాసులో, అద్దాల బీరువాలో ఉండేవి. తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే. వారానికోసారి ఒక పుస్తకం బయటికి తీసి, తన చేత్తోనే పేజీలు తిప్పుతూ చదివి వినిపించి, పొడిగుడ్డతో తుడిచి మళ్ళీ లోపల పెట్టేసేది. మిగతా రోజుల్లో పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి అట్టమీది బొమ్మలు చూసుకునేవాళ్ళు. ఆ ముక్కుల మరకలు కూడా ఆమే తుడిచేది.

అలాగని పిల్లలంటే గిట్టని మనిషి కాదు. జ్వరమొచ్చిన పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని లెక్కలు చెప్పిన తల్లి. పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెకు ప్రాణం గిలగిల్లాడేది. చిన్నప్పుడు వాళ్ళింట్లో అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ కలిపి ఒకే ఒక్క కథల పుస్తకం ఉండేది. అది చేతులు మారి మారి కడగొట్టుదైన ఈమె దగ్గరికి వచ్చేసరికి చివరి పేజీలు లేవు. అడవిలో తప్పిపోయిన పిల్ల ఇల్లు చేరిందో లేదో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. తన క్లాసులో ఎవరికీ అలా జరగకూడదని ఆమె పట్టుదల.

ఆమె భర్త గడియారాలు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. కంటికి భూతద్దం పెట్టుకునే ఆమెను ఏడిపించేవాడు.

"వాడకుండా దాచిపెట్టిన గడియారాలు కూడా ఆగిపోతాయి, తెలుసా?"

"మీ సామెతలు మీ గడియారాలకి చెప్పుకోండి," అని ఆమె చరచరా వంటింట్లోకి వెళ్ళిపోయేది.

సెలవుల తర్వాత ఒక సోమవారం బడి తెరిచారు. మేడమీది నీళ్ళ ట్యాంకు పైపు ఎప్పుడు పగిలిందో ఏమో, గోడ వెంబడి నీళ్ళు కారి బీరువాలోకి దిగాయి. టీచరు తాళం తీసి పై అరలోంచి ఒక పుస్తకం అందుకుంది. అది తడిబట్టలా చేతిలో వేలాడింది. రెండోదీ అంతే. ఆమె కుర్చీలో కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

టీచర్లు కూడా ఏడుస్తారని ఆ పిల్లలకు అప్పుడే తెలిసింది. చివరికి, అందరూ వసపిట్ట అని పిలిచే పిల్ల లేచి నిలబడింది.

"ఆరబెడదాం టీచర్. మా అక్క పుస్తకం నీళ్ళలో పడితే మా నాన్న ఫ్యాను కింద పెట్టి ఒక్కో పేజీ విడదీశాడు. ఏం కాలేదు. కొంచెం లావెక్కింది, అంతే."

టీచరు కళ్ళు తుడుచుకుంది. తలా ఒక పుస్తకం ఇచ్చి, గట్టిగా హెచ్చరించింది. "మెల్లిగా విడదియ్యండి. ఒక పేజీ ఆరాకే ఇంకో పేజీ. లాగారంటే ఊరుకోను."

తను కింది అరల్లోని నీళ్ళు తోడి, గుడ్డలు పిండుతూ కూర్చుంది. కాసేపటికి ఏదో తేడాగా అనిపించింది. గది మరీ నిశ్శబ్దంగా ఉంది. మూడో తరగతి అంత నిశ్శబ్దంగా ఉందంటే ఎక్కడో కొంప మునిగినట్టే. కంగారుగా తలెత్తి చూసింది.

పిల్లలందరూ పుస్తకాల మీదికి వంగి ఉన్నారు. ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఒక పిల్ల కిసుక్కున నవ్వి, ఎవరైనా చూశారేమోనని నోరు మూసుకుంది. వసపిట్ట పెదవులు కదులుతున్నాయి కానీ మాట బయటికి రావడం లేదు. వెనక బెంచీలో గుసగుసలు.

"నీది ఆరిందా? ఇటియ్యి. నాది నువ్వు ఆరబెట్టు."

"ఉండరా, ఏనుగు ఇంకా బావిలోనే ఉంది!"

సాయంత్రానికి చాలా పుస్తకాలు ఆరిపోయాయి. టీచరు వాటిని వెనక్కి అడుగుతూ వచ్చింది. వసపిట్ట తన పుస్తకాన్ని గుండెకు హత్తుకుంది.

"ఇది ఇంకా ఆరలేదు టీచర్."

టీచరు ముట్టుకుని చూసింది. కాగితాలు ఎండి గలగలలాడుతున్నాయి. పిల్ల ముఖంలోకి చూసింది. ఆ పిల్ల కళ్ళు ఎత్తలేదు.

"అవునే, ఇంకా తడిగానే ఉంది," అంది టీచరు నెమ్మదిగా. "ఇంటికి తీసుకెళ్ళి ఆరబెట్టు."

అంతే! మరుక్షణంలో క్లాసులో పుస్తకాలన్నీ మళ్ళీ తడిసిపోయాయి. "నాది కూడా టీచర్!" "నాదైతే కారుతోంది టీచర్!" ఆమె అందరినీ పంపించేసింది. ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు.

ఆమె భయపడ్డట్టే అయింది. వారం తిరగకుండానే ఒకడు గుమ్మం దగ్గరే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. వాడి చెల్లెలు చివరి పేజీలు చింపేసింది. టీచరుకు కోపం ముంచుకొచ్చింది. నోరు తెరిచింది కూడా. అంతలో వాడు అన్నాడు.

"టీచర్, ఆ ముసలాయనకి మేక దొరికిందా లేదా? రాత్రంతా నిద్రపట్టలేదు."

ఆమె కోపం దిగిపోయింది. ఆ బాధ ఎలాంటిదో ఆమెకు తెలుసు. "ఈ కథ ఇంకెవరు చదివారర్రా?" అని అడిగింది. నాలుగు చేతులు లేచాయి. నలుగురూ ఒకరి మాట మీద ఒకరు పడుతూ చెప్పారు. మేక దొరికిందన్న దగ్గర అందరిదీ ఒకటే మాట. ఎవరు పట్టుకున్నారన్న దగ్గరే పోట్లాట. వాడు కళ్ళు తుడుచుకుని నవ్వాడు. ఆ సాయంత్రం నలుగురూ కలిసి ఆ ముగింపు రాసి, పుస్తకంలో అతికించారు. నిండా అక్షరదోషాలే. ఆమె ఒక్కటీ దిద్దలేదు.

వేసవి సెలవులకు ముందు పిల్లలు పుస్తకాలు పంచుకున్నారు. మార్చుకోవడానికి టీచరుగారి ఇల్లయితే అందరికీ దగ్గర. దాంతో గడియారాల దుకాణానికి కొత్త రద్దీ మొదలైంది. పిల్లలు తెచ్చిచ్చేవి గడియారాల పక్కన పెట్టి, అడిగినవాళ్ళకు అందించే పని భర్త మీద పడింది. "నా బల్ల మీద నాకే చోటు లేదు," అని మొదట్లో సణిగాడు.

ఒక మధ్యాహ్నం వసపిట్ట వచ్చి చెయ్యి చాపింది. "తాతగారూ, ఆ నక్క పుస్తకం ఇవ్వండి."

ఆయన భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు. "ఆగవే తల్లీ, ఇంకో రెండు పేజీలు."

గడియారం కోసం వచ్చిన మనిషి అప్పటికే నిలబడి నిలబడి విసిగిపోయి ఉన్నాడు. టీచరు నవ్వు ఆపుకుంటూ అతనికొక కుర్చీ వేసింది.