జానెడు తగ్గిన బొంత

నా చిన్నప్పుడు అరకు లోయలో మా పక్కింటి అక్క కుట్టిన బొంత పొట్టిదైపోయిన సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఆ కొలత నాదని మాత్రం చాలా ఏళ్లు నేను ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బడిలో ఎక్కాలు తడుముకోకుండా చెప్పేవాణ్ణి, ఆ గర్వం కొంచెం ఎక్కువే. చలికాలం మొదలవుతుండగా అక్క వాళ్ల మామ్మ తన పాత కోకలు రెండు ఇచ్చి, బొంత కుట్టమంది. చిరిగినచోట్లు పోగా మంచి గుడ్డను ముక్కలు చేసి అతకాలి. ఎన్ని ముక్కలో నేను చెబుతానన్నాను. ఎనిమిది జానల పొడవు, ఆరు జానల వెడల్పు కావాలి. ముక్క జానెడు చదరం. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. అక్క నా మాట నమ్మి కత్తిరించింది.

బొంత పూర్తయ్యాక మామ్మ కప్పుకుంటే పాదాలు రెండూ బయటే ఉన్నాయి.

"బంగారం లాటి కోకలు పాడు సేసినావు గదే గుంటా. నీకు లెక్కేటొచ్చు?" అంది మామ్మ.

అక్క నావైపు ఒకసారి చూసింది. నేను గోరు కొరుక్కుంటూ నిలబడ్డాను. ఆమె నా పేరెత్తకుండా బొంత మడతపెట్టింది.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి, మిగిలిన పేలిక ఒకటి తీసి అంచులు మడిచి చూపించింది. కుట్టుకి అటొక వేలు, ఇటొక వేలు పోతుంది. జానెడంటే పన్నెండు వేళ్లు. రెండు పోతే పది. ఎనిమిది ముక్కల పొడవులో ఎంత తగ్గిందో నన్నే చెప్పమంది. పదహారు వేళ్లు, అంటే జానెడు మీద నాలుగు. వెడల్పులో సరిగ్గా జానెడు.

"లెక్క నీకొచ్చురా. సూదికెంత కావాలో అడగడమే మర్సిపోనావు" అని నవ్వింది.

తర్వాత, పాత కోకల్లో మంచి గుడ్డ అయిపోవడంతో, పండక్కని దాచుకున్న తన కొత్త నీలం కోక తెచ్చి, బొంత చుట్టూ వేయడానికి పట్టీలు కత్తిరించింది. ఈసారి కుట్టుకు పోయేది కలుపుకునే కొలిచాం. ఆ చలికాలమంతా మామ్మ కాళ్లు చాపుకుని పడుకుంది. పండక్కి అక్క పాత కోకే కట్టింది.

ఇప్పుడు నేను తాపీమేస్త్రీని. గోడకు ఇటుకలు లెక్కగట్టేటప్పుడు, మధ్యన సిమెంటు మందం ముందే కలుపుకుంటాను. లెక్క తప్పని మేస్త్రీ అని నాకు పేరు. అక్కకు మాత్రం ఆ బొంత పేరే మిగిలింది.

మొన్న చలికాలంలో వాళ్లింటికి వెళ్లాను. అక్క కాఫీ పళ్లు ఎండబోస్తోంది. ఆమె మనవరాలు బడి లెక్కేదో అడగబోతే, అక్క కొడుకు, "మామ్మనడక్కే, బొంత పొట్టి సేసిన మడిసి" అన్నాడు. అక్క కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ముక్కలు లెక్కగట్టింది నేనేనని వాళ్లిద్దరి ముందూ చెప్పి, అక్క వైపు తిరిగాను.

"అప్పుడు మీ మామ్మ తిట్టిన తిట్లు నాకు పడాల్సినవక్కా. ఇన్నేళ్లూ నీ మీద ఉంచేసినాను. తప్పయిపోయింది, క్షమించు" అన్నాను.