సుబ్బన్న మెడ విరిచింది నేనే

నంద్యాల బస్టాండులో దిగేసరికి ఉదయం ఆరూ నలభై. జూన్ మొదటి సోమవారం. వాన లేదు, వచ్చే సూచనా లేదు. సామాను: ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, స్టీలు క్యారియరు, మెడలో ఈల. ఇరవై రెండేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పనిచేసి, హవల్దారుగా రిటైరై, గోస్పాడు పక్కన మా ఊరు చేరిన వాణ్ణి. ఆ తర్వాత దొరికిన మొదటి పోస్టింగు ఇది. ఒక నర్సింగ్ స్కూల్లో ప్రాక్టికల్ గది ఇన్‌చార్జి. కాలం పదకొండు నెలలు.

ఈ పోస్టింగు గురించి మీలో చాలామందికి నేనే చెప్పాను. ఆళ్లగడ్డ నర్సమ్మ బొమ్మ మెడ విరిచిన కథ. టీ బంకు దగ్గర చెప్పాను, పెళ్లి భోజనాల్లో చెప్పాను. మీరు అడిగి మరీ చెప్పించుకున్నారు. పోయిన నెల నేను ఆళ్లగడ్డలో బస్సు దిగితే, పక్కన నిలబడ్డ పెద్దమనిషి అదే కథ నాకే చెప్పి, తనే నవ్వాడు. ఆమె ఊళ్లో, ఆమె వీధికి వంద గజాల దూరంలో. ఆ కథలో బొమ్మ నిజం, మెడ నిజం. మిగతాది సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

నా కింద పద్దెనిమిది మంది. అందరూ ఏఎన్ఎంలు, అంటే ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేసే, గర్భిణులను చూసే నర్సమ్మలు. ఏళ్ల తరబడి సర్వీసు చేశాక జీఎన్ఎం అనే పై కోర్సు చదివి, పరీక్ష పాసై, స్టాఫ్ నర్సులుగా రిజిస్టరు కావడానికి వచ్చారు. అందరిలో చిన్నామెకు ముప్పై నాలుగు. ముందు వరుసలో ఇద్దరు అమ్మమ్మలు.

మర్నాడు సరిగ్గా ఆరింటికి హాస్టలు ముందు నిలబడి ఈల ఊదాను. పద్దెనిమిది మందిలో ఒక్కతే బయటికి వచ్చింది, చేతిలో గిన్నెతో.

"పాలాయప్ప అనుకుంటి. నువ్వా? ఈల ఎందుకు ఊదుతాండావన్నా?"

ఆమే ఖైరూన్. నలభై నాలుగేళ్లు. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో పద్దెనిమిదేళ్లుగా ఏఎన్ఎం. భర్తకు ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే అంగడి. వయసు దాటుతోంది కాబట్టి ఆమెకు ఇదే ఆఖరి బ్యాచ్. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. పరీక్ష మొదటిసారే పాసైతే అది తనకు వస్తుందని ఆమె లెక్క. ఆ సంగతి అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మొదటి యుద్ధం పక్క వేయడం మీద జరిగింది. దుప్పటి మూల నలభై ఐదు డిగ్రీల కోణంలో మడవాలి. ఆమె వేసిన పక్కను మూడుసార్లు లాగి పారేశాను.

"హవల్దారన్నా, మా ఇంటాయన ఇరవై ఏండ్లుగా పరుపులు కుడతాండాడు. పండుకునేవానికి నడుం నొయ్యకుంటే సాలంటాడు. మూల ఎట్లుందని ఇంతవరకు ఎవురూ అడగల్యా."

"ఇది ఆర్మీ పద్ధతి."

"ఆర్మీలో మనుషులు మూలల్లో పండుకుంటారా?"

పదిహేడు మంది నవ్వారు. నేను ఈల ఊదాను. ఇంకా నవ్వారు.

రెండో యుద్ధం సుబ్బన్న దగ్గర. సుబ్బన్న అంటే మా ప్రాక్టికల్ బొమ్మ. రికార్డులో 'మానికిన్, పురుషుడు, ఒకటి'. ఏ పని చేసే ముందయినా రోగికి వివరించాలని రూలు. బొమ్మకైనా సరే. అందరూ పాఠం అప్పజెప్పినట్టు వివరించేవారు. ఖైరూన్ మాత్రం సుబ్బన్న భుజం తట్టేది.

"సుబ్బన్నా, సూది ఏస్తాండా. చీమ కుట్టినట్టుంటాది. అంతసేపు గమ్మున నీ పెండ్లాన్ని తల్సుకో."

అనవసర సంభాషణ అని ఒక మార్కు కోశాను.

"ఆయప్ప కదిలినాడా?" అని అడిగింది.

"లేదు."

"మల్లా? నా మాట ఇన్నట్టే గదా!"

అసలు సంఘటనకు వస్తాను. ఏప్రిల్, మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. ఎండ నలభై మూడు డిగ్రీలు. కరెంటు లేదు. మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు. సెలైను సూది ఎక్కించడం ఇంకొకసారి చేసి చూసుకుంటానని ఖైరూన్ వచ్చింది. సుబ్బన్న చేతిలోని రబ్బరు నరం అప్పటికే జల్లెడ. నా చొక్కా చెయ్యి పైకి మడిచాను.

"సైనికుని చెయ్యి. ఎక్కించు."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇరవై రెండేళ్లలో నేను వేసిన సూదులకు లెక్కలేదు. వేయించుకున్నవి మాత్రం అన్నీ కళ్లు మూసుకునే వేయించుకున్నాను. ఇది సైన్యానికి తెలియదు.

"కండ్లు మూసుకో అన్నా."

"మంచు కొండల్లో పని జేసినోన్ని నేను."

"మంచు యాడ, సూది యాడ? మూసుకో."

మూసుకోలేదు. ఆమె మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టింది, దూదితో తుడిచింది, సూది మూత తీసింది. అంతవరకే గుర్తు. సూది నన్ను తాకనేలేదు. అప్పట్లో నా బరువు ఎనభై ఆరు కిలోలు. నేను పక్కకు ఒరిగిన చోట మంచం మీద సుబ్బన్న ఉన్నాడు. ఇద్దరం కలిసే కింద పడ్డాం. నాకేమీ కాలేదు. సుబ్బన్న తల బీరువా కిందికి దొర్లింది.

కళ్లు తెరిచేసరికి నేల మీద పడుకుని ఉన్నాను. కాళ్లు బోర్లించిన బకెట్టు మీద ఉన్నాయి. చొక్కా గుండీలు వదులు చేసి ఉన్నాయి. ఖైరూన్ నోటు పుస్తకంతో విసురుతోంది.

"పేరేంది?"

"హవల్దార్..."

"ర్యాంకు గాదన్నా, పేరు."

చెప్పాను. నాడి చూసింది. ఓఆర్ఎస్ కలిపి తాగించింది. నేను లేచి గుండీలు పెట్టుకుంటుండగా చప్పుడు విని ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చింది. తల లేని సుబ్బన్నను చూసింది.

"ఏమైంది?"

నా నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది. "ట్రైనీ చేతిలోంచి జారింది మేడమ్."

ఖైరూన్ నా వైపు చూసింది. ఓఆర్ఎస్ గ్లాసు కడగడానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం సైన్యం పద్ధతిలో నాలుగు పాయింట్ల రిపోర్టు రాశాను. స్థలం, సమయం, నష్టం, కారణం. మొదటి మూడూ ఖచ్చితంగా రాశాను. నాలుగో దాంట్లో 'ట్రైనీ అజాగ్రత్త' అని రాశాను.

ఖైరూన్‌కు మెమో వెళ్లింది. జవాబుగా ఆమె రెండు వాక్యాలు రాసిచ్చింది: 'బొమ్మ పడింది. పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను.'

"ఇది వివరణా, వార్తా?" అంది మేడమ్. తప్పు ఎవరిదో రాసేదాకా హాల్ టికెట్ ఇచ్చేది లేదంది. టికెట్ ఆఫీసు బీరువాలోకి వెళ్లింది. పరీక్షకు తొమ్మిది రోజులున్నాయి.

పరీక్షకు ముందు ఆదివారం ఆళ్లగడ్డకు బస్సెక్కాను. ఒప్పుకోవడానికి కాదు. ఆమె చేత ఒప్పించడానికి. అంగడిలో ఆమె భర్త దూది నింపుతున్నాడు. నన్ను కూర్చోబెట్టి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

"మీ బొమ్మ అంత బరువుంటాదా అప్పా? మా యామె రెండు పరుపులు ఒక్కతే ఎత్తుతాది. ఆ బొమ్మను జార్చుకునిందంట!"

మొగుడికి కూడా చెప్పలేదన్నమాట. ఖైరూన్ వాకిట్లోకి వచ్చింది. గొంతు తగ్గించి అడిగాను.

"చెయ్యి జారింది, మన్నించండి అని ఒక్క లైను రాయి. అయిపోతాది."

"జారల్యా కదన్నా."

"ఒక్క లైనే కదా."

"ఒక్క లైనే అయితే నువ్వే రాయి."

నేను బజ్జీ నములుతూ ఉండిపోయాను. తర్వాత ఇంకో ప్లేటు తిన్నాను. మూడున్నర బస్సుకు నంద్యాల వచ్చేశాను. ఏమీ రాయలేదు.

పరీక్ష మొదటి రోజు. ఉదయం తొమ్మిదింటికి అందరూ పై అంతస్తు వరండాలో ఉన్నారు. ఖైరూన్ కూడా వచ్చింది. టికెట్ లేకుండా ఎందుకు వచ్చావని ఎవరో అడిగారు.

"మీకు ప్రశ్నలు అడిగేదానికి ఎవరుండారు నేను గాక?"

గోడకు ఆనుకుని వాళ్లకు ఒక్కో ప్రశ్న వేసింది. తప్పు చెప్పినవాళ్ల నెత్తి మీద మొట్టింది. తొమ్మిదిన్నరకు గంట కొట్టారు. పదిహేడు మంది లోపలికి వెళ్లారు.

తొమ్మిదీ ముప్పై ఐదుకు నేను ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాను. అటెన్షన్‌లో నిలబడి అంతా చెప్పాను. సూది, బకెట్టు, ఓఆర్ఎస్.

"గంట కొట్టినాక ఎవరినీ పంపే అధికారం నాకు లేదు హవల్దార్ గారూ. ఐదు నిమిషాలు ముందు రావడానికేమైంది మీకు?"

సెల్యూట్ కొట్టి బయటికి వచ్చాను.

మెట్ల దగ్గర ఖైరూన్‌ను పట్టుకున్నాను. ఒప్పుకున్నానని చెప్పాను. నాకు తెలిసిన తిట్లన్నీ నన్నే తిట్టుకున్నాను. "ఒక్క మాట నువ్వు చెప్పుంటే అయిపోయేది గదా, ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"ఆ పొద్దు నువ్వు నా పేషెంటువి గదన్నా. స్పృహ తప్పినోని సంగతి బయట చెప్తామా? పద్దెనిమిదేండ్లు ఇల్లిల్లూ తిరిగినా. ఒకరింటి మాట ఇంగొకరింట్లో చెప్పింటే మల్లా నాకు వాకిలి తీస్తారా?" ఒక మెట్టు దిగి అంది. "కానీ నువ్వు చెప్తావనుకుంటి. అదే నా తప్పు."

పోయిన ఆ పేపరు ఆరు నెలల తర్వాత సప్లిమెంటరీలో రాసి ఆమె పాసైంది. అప్పటికి ఆళ్లగడ్డ పోస్టు నిండిపోయింది. ఇప్పుడు రోజూ రెండు బస్సులు మారి డ్యూటీకి వెళుతోంది. నా పదకొండు నెలలు ఆ పరీక్షల వారంలోనే ముగిశాయి. అదే ట్రంకు పెట్టె, అదే పరుపు చుట్టతో ఊరికి వచ్చాను. నంద్యాలలో ఏం చేశావని మీరు అడిగారు. నేను నవ్వించే కథ చెప్పాను. దాన్ని ఈరోజుతో వాపసు తీసుకుంటున్నాను.

ఇంకొక్కటి ఉంది. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లే ముందు నేను చూసింది. గంట కొట్టగానే అందరూ చెప్పులు ఎక్కడివక్కడ వదిలేసి హాల్లోకి పరిగెత్తారు. వరండా ఖాళీ. తలుపు మూసుకుంది. ఖైరూన్ ఒక్కతే మిగిలింది. కొంగు నడుముకు దోపి, వంగి, ఆ చెప్పులను జతలు జతలుగా వెతికి గోడ వారగా పెడుతోంది. మూడు గంటల తర్వాత బయటికి వచ్చేవాళ్లు వెతుక్కోకుండా, మొనలు మెట్ల వైపు తిప్పి. పదిహేడు జతలు. చివర తన చెప్పులకు చోటు వదల్లేదు. అవి కాళ్లకే ఉన్నాయి.