వాదీ ఒడ్డున ఫిలోసులు

నా చిన్నప్పుడు క్రిస్మస్ అనగానే ముందుగా గుర్తొచ్చేది చర్చీ కాదు, కొత్త గౌనూ కాదు, నూనెలో వేగే అరటిపండు వాసన. ఈ మాట అన్నప్పుడల్లా మా అమ్మ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. అయినా నిజం నిజమే కదా.

అప్పట్లో మేము ఒమన్‌లో, అల్ ఖౌద్‌లో ఉండేవాళ్లం. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా దుకాణాలూ కార్లూనే కానీ, ఆనాడు పది ఇళ్లు దాటితే రాళ్లూ ముళ్లకంపలూ తప్ప ఏమీ ఉండేవి కావు. మా నాన్న వాదీకి అవతల, కొండల్లో ఒక కంపెనీ సైట్‌లో ఫోర్‌మన్‌గా పనిచేసేవాడు. వారమంతా అక్కడే క్యాంపులో ఉండి సెలవుకి ఇంటికొచ్చేవాడు. వాదీ అంటే ఎండిన ఏరు. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో గులకరాళ్లు తప్ప ఏమీ ఉండవు, రోడ్డు కూడా దాని మీదుగానే పోతుంది. కానీ కొండల్లో వాన పడిందంటే, మన నెత్తిన చుక్క రాలకపోయినా సరే, ఒక్కసారిగా పొంగి రోడ్డును మింగేస్తుంది.

పక్కింటి ఆంటీది గోవా. క్రిస్మస్‌కి ఆవిడ చేసే ఫిలోసులు, అంటే అరటిపండు బూరెలు, పోర్చుగీసువాళ్ల పండగ వంటట. ఆ పోర్చుగీసువాళ్లు మస్కట్ రేవులో కోటలు కట్టి వదిలిపోయారు, గోవాలో ఈ వంట నేర్పి వదిలిపోయారు. నన్నడిగితే కోటల కంటే ఇదే మేలైన పని. బాగా మగ్గి తొక్క నల్లబడ్డ అరటిపండ్లు మెదిపి, మైదా, గుడ్లు, కమలాపండు తొక్క తురుము, జాజికాయ పొడి, కాస్త ఈస్ట్ వేసి కలిపేది. పిండి మీద వేలితో శిలువ గుర్తు వేసి, గిన్నెకి దుప్పటి చుట్టి, చంటిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు మా ఇంట్లో మంచం మీద పెట్టేది. ఆ ఏడు మొదటి వాయి తానే వేస్తానని నాన్న నాకు మాటిచ్చి డ్యూటీకి వెళ్లాడు. నేను ఆ మాట వీధిలో అందరికీ చాటాను కూడా.

పండగ ముందురోజు మధ్యాహ్నం పిండి పొంగి గిన్నె అంచుకొచ్చింది. నేను నిమిషానికోసారి దుప్పటి ఎత్తి చూస్తూ, వీధిలోకి పరిగెత్తి నాన్న కోసం చూస్తూ ఒకచోట నిలిచింది లేదు. అప్పుడు వీధి చివర కిరాణా కొట్టు నడిపే కడప మామ తన పికప్‌లో దడదడా వచ్చి ఆగాడు.

"వాదీ వచ్చిందమ్మా. అన్న ఆ పక్కనుండాడు. నీళ్లలోకి దిగేదీ, మళ్లా గట్టెక్కేదీ చేస్తాండాడు. వద్దన్నా అని నేను ఎంత అరిచినా ఆ హోరులో ఇనపడల్యా."

మా అమ్మ ఉన్నచోటే కూలబడి ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆంటీ వైపు తిరిగి, "పాప ఏడుస్తుందని ఆయనకి బెంగండీ, ఈదైనా సరే వచ్చేస్తారు" అంటోంది. మా నాన్న సంగతి ఆమెకు తెలుసు. మాటిచ్చాడంటే కాలు కాలిన పిల్లే.

ఆంటీ ఒక్క క్షణం పిండి గిన్నె వంక చూసింది. పిండి ఆగేది కాదు, ఇంకాసేపుంటే పులిసిపోతుంది. కానీ ఆవిడ ఆలోచన పిండి గురించి కాదని తరువాత అర్థమైంది. పిల్ల ఇంట్లో ఏడుస్తోందనుకునే కదా ఆయన దిగుతున్నాడు, ఏడవడం లేదని కళ్లారా చూపిద్దాం పదండి, అని హిందీలో గట్టిగా అని, గ్యాస్ సిలిండర్ గొట్టం ఊడదీసేసింది. సిలిండరూ పొయ్యీ బాణలీ చాపా అన్నీ మామ పికప్‌లోకి ఎక్కాయి. గిన్నె నా ఒళ్లో పెట్టారు. ఆ దుప్పటిలోంచి వెచ్చగా తగిలిన పిండి ఇంకా నా ఒళ్లో ఉన్నట్టే ఉంటుంది. భయం ఒక పక్క, ఊరేగింపులో పోతున్నంత సంబరం ఒక పక్క!

వాదీ దగ్గర రెండు ఒడ్ల మీదా కార్లు ఆగిపోయి ఉన్నాయి. ఒమనీ పెద్దలు చాపలేసుకుని, ఫ్లాస్కుల్లోంచి కహ్వా, అదే అరబ్బు కాఫీ, పోసుకుని, ఖర్జూరాలు తింటూ నిదానంగా కూర్చున్నారు. వాళ్లకిది కొత్త కాదు. అవతల మా నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఎర్రటి నీళ్లలో నిలబడి ఉన్నాడు. అమ్మ కేకేసింది, నేను కేకేశాను, ఏమీ వినిపించలేదు. అప్పుడు ఆంటీ చేసిన పని చూడాలి. కేక వేయలేదు, చెయ్యి ఊపలేదు. ఒడ్డున అందరికీ కనబడేలా చాప పరిచి, కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పొయ్యి వెలిగించింది. నన్ను పక్కన కూర్చోబెట్టి చేతికి చిల్లుల గరిటె ఇచ్చింది. ఈ రాత్రంతా ఇక్కడే ఉంటాం, మాకేం తొందర లేదు అన్నట్టు!

నాన్న మమ్మల్ని చూశాడు. నేను గరిటె ఎత్తి ఊపాను, నవ్వాను. ఆయన కాసేపు అలాగే నిలబడి, తల గోక్కుని, వెనక్కి నడిచి బండరాయి మీద కూర్చున్నాడు. ఆ తరువాత ఎంతోసేపు కాలేదు, వేళ్లతో సహా కొట్టుకొచ్చిన ఒక ఖర్జూరపు చెట్టు, ఆయన నిలబడ్డ చోటు మీదుగానే దొర్లుకుంటూ పోయింది. అమ్మ నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. నాన్న మడిచిన ప్యాంటు మెల్లగా దించుకోవడం ఇవతలికి కూడా కనబడింది.

ఇక అక్కడ జరిగింది పండగే. వాయి తరువాత వాయి వేగుతోంది, పంచదారలో దాల్చినచెక్క పొడి కలిపి దొర్లించి పంచుతున్నాం. ఒక ముసలాయన తిని, ఇది నూనెలో వేయించి పాకం పోసే మా లుఖైమాత్‌కి చుట్టమే అని గడ్డం ఊపి, మా అందరికీ కహ్వా పోశాడు. అవతల నాన్న పొట్ట మీద కొట్టుకుని, నాకేవని చేతులు తిప్పుతుంటే ఇవతల అందరూ పడి పడి నవ్వారు. ఏ మాత్రం తెలియని మనుషులు కూడా ఆయన్ని చూపిస్తూ, ఆయనకి ఉంచండి, ఆయనకి ఉంచండి అన్నారు. నా జన్మలో అంతగా మళ్లీ సంతోషపడ్డానో లేదో చెప్పలేను.

పొద్దు వాలేసరికి నీళ్లు తగ్గాయి. ముందు ఒక పెద్ద లారీ, దాని వెనక నాన్న ఎక్కిన కంపెనీ పికప్ దాటాయి. మొదటి వాయి వేస్తానన్న మనిషి గిన్నె అడుగున మిగిలిన పిండితో ఆఖరి వాయి వేశాడు. అవి వంకరటింకరగా వచ్చాయి, కాస్త పులిశాయి కూడా. "మాట తప్పానని అలిగావా బుజ్జీ?" అన్నాడు. నేను ఆయన తడి ప్యాంటును పట్టుకుని వదల్లేదు.

ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మా అమ్మ తరువాత చాలాసార్లు ఆయన్ని దెప్పింది. కానీ ఆత్రం ఆయన ఒక్కడిదే కాదు, ఆయన్ని తాడేసి లాగింది మా ఎదురుచూపు. మనవాళ్లను ప్రమాదంలోకి లాగేది ఒక్కోసారి మన ప్రేమే. ఆ తాడును ఎలా వదులు చెయ్యాలో ఆంటీ బాణలీ గరిటెతో చూపించింది.

ఇప్పుడు మేముండేది అదే ఒమన్‌లో, అల్ మవాలేలో. పిల్లలకు ఫోన్లున్నాయి, వంతెనలున్నాయి, అయినా శీతాకాలం వాదీలు వస్తూనే ఉంటాయి. మబ్బు పట్టిన రోజు ఇంట్లో అందరూ బయటికెళ్లినవాళ్లకి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చావ్, ఎంతసేపట్లో వస్తావ్ అని అడుగుతారు. నేను అడగను. మా మనవలు నన్ను వెక్కిరిస్తారు కూడా: వానొస్తే అమ్మమ్మ ఎప్పుడొస్తావని అడగదు, ఎక్కడ ఆగావని అడుగుతుంది అని.