సెలవుల గుమాస్తా, సముద్రపు అద్దాలు

ఆఫీసులో అందరి సెలవులూ చూసే గుమాస్తాకు ఈ ఏడాది మిగిలినవి నాలుగే. వాటికి ముందు శని, ఆదివారాలు అతికించి, మూడుచోట్ల దిగి ఎక్కే చవక విమానానికి టికెట్టు కొన్నాడు. రానూపోనూ నాలుగు రోజులు పోగా, సముద్రం అడుగున తిరగడానికి రెండు రోజులు. ఏడేళ్ల కల అది. రోజూ భోజనాల వేళ బీరువాల గదిలో దూరి, ముక్కు మూసే అద్దాలు తగిలించుకుని నోటితో ఊపిరి పీల్చడం సాధన చేస్తాడు. ఇవాళ అక్కడుండగానే డైవింగ్ నేర్పే ఆవిడ ఫోన్ చేసింది.

"రెండోరోజు దిగకూడదండీ. నీళ్లలోంచి వచ్చాక ఒక రోజంతా ఆగాలి. వెంటనే విమానం ఎక్కితే ప్రాణానికే ముప్పు."

అద్దాలు తీయడం కూడా మరిచి మేనేజరు గదిలోకి పరుగెత్తాడు.

"ఇంకొక్క రోజు ఇప్పించండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా."

మేనేజరు తల ఎత్తి, నవ్వు ఆపుకున్నాడు. "మొన్న డ్రైవరు ఇలాగే అడిగితే, రూలు తీసి చదివి వినిపించింది నువ్వే కదయ్యా?"

"నేనేనండీ," అన్నాడు గుమాస్తా.

చుక్క నీరు లోపలికి రానివ్వని అద్దాలవి. లోపలి నుంచే తడిశాయి.